ఖాళీ కుర్చీ పక్కన మనిషి

తన కూతురు హత్య చెయ్యలేదని రుజువు చెయ్యమని నన్ను డిటెక్టివుగా పెట్టుకున్న పెద్దమనిషే ఆ కూతురి మెడకు ఉచ్చు బిగిస్తున్నాడు. అదీ నిజం చెప్పి. అబద్ధాలాడే క్లయింట్లతో నాకు ఇబ్బంది లేదు, వాళ్ళని దారికి తెచ్చే ఉపాయాలు చాలా ఉన్నాయి. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళతోనే చచ్చేచావు.

"మొన్న పొద్దున్న పదిన్నరకి మీ అమ్మాయి ఎక్కడుంది?" మూడోసారి అడిగాను.

"నాకేం తెలుసమ్మా. వంట చేసి పదింటికే వెళ్ళిపోయింది. ముందు మెట్లు దిగడం నా కళ్ళతో చూశాను."

"మళ్ళీ రాలేదా?"

"రాలేదు. ఈ గుమ్మం ముందే కూర్చున్నాగా. పిల్లి వచ్చినా తెలుస్తుంది."

సోఫాలో కాలు మీద కాలేసుకున్న ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "కానివ్వండి మేడమ్. నా పని మీరే చేసిపెడుతున్నారు. జీతంలో వాటా ఇమ్మంటే మాత్రం ఇవ్వను."

ఆయన గారికి నా మీద పాత కచ్చ ఉంది. పోయినేడాది ఒక నగల కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాడని నేను తేల్చాను. అప్పటినుంచీ నన్ను 'మేడమ్' అని మరీ సాగదీసి పిలుస్తాడు. చెడ్డవాడేం కాదు. తొందరపాటు మనిషి, అంతే. ఈసారి మాత్రం తొందరపడ్డాడని అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొన్న పదిన్నరకి, కెమెరాలు బాగుచేసే షాపు ఓనరు లెన్సుల వ్యాపారితో ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ కేక పెట్టాడు. పక్క షాపువాళ్ళు వెళ్ళి చూస్తే కెమెరా స్టాండు దెబ్బకి తల పగిలి పడి ఉన్నాడు. నెగెటివ్‌లు దాచే డబ్బాలన్నీ నేలమీద బోర్లించి ఉన్నాయి. గల్లాపెట్టె జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఆ షాపుకీ ఈ ఇంటికీ బస్సులో అరగంట దారి. అంతకు ముందురోజు సాయంత్రం ఈ ఇంటి కూతురు ఆ షాపుకి వెళ్ళి, "మా నాన్న జోలికొస్తే నీ అంతు చూస్తా" అని వీధి వీధంతా వినేలా అరిచి వచ్చింది. పదిన్నరకి ఎక్కడున్నావంటే రోడ్డుమీద నడుస్తున్నానంటుంది. ఏ రోడ్డంటే గుర్తులేదంటుంది. ఆమెని ఇవాళ పొద్దున్న తొమ్మిది నుంచి స్టేషన్లో కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాటాక అరెస్టు చెయ్యబోయే ముందు తండ్రికి చెప్పి రావడానికి తీసుకొచ్చాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాత్రం మర్యాద ఆయనకుంది. ఆమె భోజనాల బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. ముప్పై దాటిన మనిషి, మధ్యాహ్నాలు లైబ్రరీలో ఉద్యోగం. చూపుడువేలికి తెల్లటి కట్టు.

"ఆ షాపాయన మీకేమవుతాడు?" అని పెద్దాయన్ని అడిగాను.

"మా క్లబ్బు ప్రెసిడెంటమ్మా. ఆత్మల ఫొటోలు తీసేవాళ్ళ క్లబ్బు. అయిదుగురం ఉంటాం, ఆదివారాలు కలుస్తాం. ఒకాయన పోయిన తమ్ముడి కోసం తీస్తాడు. ఒకాయన కుక్క కోసం."

ఇన్‌స్పెక్టర్‌కి టీ పొలమారింది.

"నవ్వితే నవ్వండి," అన్నాడు పెద్దాయన, కోపం లేకుండా. "కుక్క మాత్రం ఇంతవరకూ రాలేదు. నాకొక్కడికే వచ్చింది, మా ఆవిడ. పదో పదిహేనో రోజులకి ఒకసారి వస్తుంది. ఒక్కోసారి నెలదాకా రాదు. ఉన్నప్పుడూ అంతే, పిలిస్తే పలికే రకం కాదు. ప్రెసిడెంటు నా నెగెటివ్‌లు పట్టుకెళ్ళి చూసి తిరిగిచ్చేవాడు. మొన్నీమధ్య, బయటినుంచి పెద్దవాళ్ళని తెస్తాను, గది తలుపులు రెంటికీ సీలు వేసి వాళ్ళ ముందు తీద్దాం అన్నాడు. నాకు సరే. అమ్మాయికే ఎందుకో కోపం వచ్చింది."

నేను లేచి ఆ గది చూపించమన్నాను.

చిన్న పడకగది. మంచం తీసేశారు. కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒకటి, వెనక గోడకి నిలువెత్తు చెక్క అల్మరా. మేం వచ్చిన తలుపు హాల్లోకి, ఎదురుగా ఉన్న ఇంకో తలుపు వెనక వరండాలోకి. వరండాలో ఫొటోలు కడగడానికి వాడుకునే బాత్రూము ఒకటి, కిందికి ఇనుప మెట్లు. ఆ వెనక తలుపు గడియ లాగి చూశాను. చప్పుడు కాలేదు. ఇంట్లో మిగతా తలుపులన్నీ కీచుమంటున్నాయి, దీని కీళ్ళకి మాత్రం నూనె నిగనిగలాడుతోంది.

గది మధ్య స్టాండు మీద పాతకాలం ఫిల్ము కెమెరా. దాన్నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం నేల వెంబడి పాకి తలుపు కిందనుంచి హాల్లోకి పోయింది. దాని చివర చేతిలో పట్టేంత రబ్బరు బుడగ.

"బుడగ నొక్కితే షట్టర్ తెరుచుకుంటుంది," అన్నాడు పెద్దాయన. "రెండు నిమిషాలు తెరిచి ఉంచుతాను. నేను బయటే ఉంటాను."

"బయట ఎందుకు?"

"ముప్పై ఎనిమిదేళ్ళు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేశానమ్మా. ఫొటో తీసేటప్పుడు గదిలో పేషెంటు ఒక్కరే ఉండాలి, మనం బయటికొచ్చెయ్యాలి. అది అలవాటు." కాసేపు కుర్చీ వైపు చూశాడు. "అదొక్కటే కాదులే. ఆవిడ పోయినప్పుడూ నేను గదిలో లేను. మందు కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను, రెండు నిమిషాలు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. నేను లేనప్పుడు వెళ్ళింది కాబట్టి, వస్తే నేను లేనప్పుడే వస్తుందనుకున్నాను."

నేను గోడమీది ఫొటోలు చూడడం మొదలుపెట్టాను. ఇరవైకి పైనే ఉన్నాయి. అన్నిటిలో అదే కుర్చీ, కింద నేలమీద తేదీ రాసిన చిన్న పలక. ఎక్స్‌రే మీద తేదీ వేసే అలవాటు ఇక్కడా పోలేదు. కుర్చీ పక్కన, తలమీంచి శాలువా కప్పుకుని, పల్చగా పొగలా ఒక మనిషి. ఆమెలోంచి వెనకున్న అల్మరా తలుపు గీతలు కనపడుతున్నాయి. మొహం మసక. చూడగానే నా ఒళ్ళు కూడా ఒకసారి జలదరించింది, అబద్ధమెందుకు.

చివరి ఫొటో మీద మొన్నటి తేదీ ఉంది. కిటికీ ఎండ కుర్చీ చేతిమీద సరిగ్గా సగానికి పడింది.

"ఎండ అక్కడికి ఎప్పుడొస్తుంది?"

"పదిన్నరకి. పది నిమిషాలు దాటితే కిందికి జారిపోతుంది. అందుకే రోజూ ఆ టైముకే తీస్తాను."

ఫొటో దగ్గరికి మొహం పెట్టి చూశాను. కుర్చీ వీపుమీద ఆనించిన చెయ్యి ఒక్కటే కదలకుండా ఉన్నట్టుంది, మిగతా మనిషికంటే స్పష్టంగా వచ్చింది. చూపుడువేలి చుట్టూ తెల్లటి పట్టీ.

"మీ ఆవిడ వేలికి కట్టుందే?"

"ఉంటుంది. వంటింట్లోకి వెళ్తే చెయ్యి కాల్చుకోకుండా రాదు ఆవిడ," అన్నాడు పెద్దాయన మురిపెంగా. "ఏం మారలేదు."

ఆ ఫొటో కాసేపు ఉంచుకుంటానని గోడమీంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. హాల్లోకి వచ్చి, రోజూ ఎలా తీస్తారో ఒకసారి చేసి చూపించమన్నాను. ఫిల్ము లేకపోయినా ఫరవాలేదన్నాను. పొద్దుటి ఫిల్ము అప్పటికే కడిగి బాత్రూములో ఆరేశాడట, కెమెరా ఖాళీగానే ఉంది.

పెద్దాయన గది తలుపు వేశాడు. తలుపుకి వీపు పెట్టి నిలబడి, బుడగ నొక్కి, మెత్తటి గొంతుతో అన్నాడు. "కదలొద్దు. ఊపిరి బిగపట్టు."

నేను ఆయన్ని చూడడం లేదు. బల్ల దగ్గరున్న కూతుర్ని చూస్తున్నాను. ఆమె ఎటో ఆలోచిస్తూ బల్ల చెక్క కేసి చూస్తోంది. ఆ మాట చెవిన పడగానే ఆమె భుజాలు ఆగిపోయాయి. ఛాతీ కదలడం మానేసింది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది, ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు, ఆమె మాత్రం బొమ్మలా ఉండిపోయింది.

అరనిమిషం కాగానే "ఇక వదులు," అన్నాడు పెద్దాయన.

ఆమె ఊపిరి వదిలింది. అలా చేసినట్టు ఆమెకే తెలీదు.

*

"ఎంతసేపు పట్టగలవు?" అని అడిగాను. మంచినీళ్ళు కావాలని వంకపెట్టి ఆమెని వంటింట్లోకి తీసుకొచ్చాను.

"ఏంటి?"

"ఊపిరి."

గ్లాసు నిండి నీళ్ళు పొర్లుతున్నా ఆమె కుళాయి కట్టలేదు. నేనే కట్టాను.

"నాన్నకి చెప్పారా?" అంది. పోలీసులకి చెప్పారా అని అడగలేదు.

"ఇంకా లేదు. ముందు మెట్లు దిగి, సందు చుట్టుకుని వచ్చి, వెనక ఇనుప మెట్లు ఎక్కుతావు. ఆయన తలుపు వెయ్యగానే లోపలికొస్తావు. ఊపిరి వదలమనగానే వెళ్ళిపోతావు. రెండు నిమిషాల్లో అరనిమిషమే ఉంటావు కాబట్టి పొగలా పడతావు. అవునా?"

"మొదటిసారి తెలీక వెళ్ళాను మేడమ్." గొంతు బాగా తగ్గించింది. "వాన వచ్చేలా ఉంది, కిటికీ వేద్దామని. చలికి అమ్మ శాలువా కప్పుకున్నాను. షట్టర్ తెరిచుందని నాకేం తెలుసు? అప్పటికి అమ్మ పోయి ఏడు నెలలు. రోజూ ఆ ఖాళీ కుర్చీని ఫొటో తీసి, కడుక్కుని, చూసుకుని పక్కన పడేసేవారు. అన్నం కెలికి లేచిపోయేవారు. మనిషి సగమైపోయారు. ఆ రోజు ఫొటో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. తర్వాత కంచం ముందు కూర్చుని ఇంకొంచెం పెట్టు అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో నాకు. అప్పుడెలా చెప్పమంటారు, అది నేను నాన్నా అని?"

"చెప్పలేదు. మళ్ళీ వెళ్ళావు."

"తిండి తగ్గించినప్పుడల్లా వెళ్ళాను." కళ్ళు తుడుచుకుంది. "తలుపులకి సీలు వేస్తే దొరికిపోతానని ప్రెసిడెంటుతో గొడవపడ్డాను. అరిచాను, నిజమే. చంపలేదు. ఆ టైముకి ఆ గదిలో ఉన్నాను."

"ఆ సంగతి ఫొటోలోనే ఉంది. తేదీ ఉంది, ఎండ ఉంది, నీ కట్టు ఉంది. ఈ ఒక్క ముక్క బయటికెళ్ళి చెబితే ఇన్‌స్పెక్టర్ జీపెక్కి పోతాడు."

"చెప్పను. మీరూ చెప్పడానికి వీల్లేదు."

"జైలుకి వెళ్తావా?"

"వెళ్తే తిరిగొస్తాను. అమ్మని ఆయన దగ్గర్నుంచి రెండోసారి తీసుకుపోతే, ఆయన తిరిగి రారు."

మొండితనం చాలా రకాలు చూశాను గానీ ఇంత ప్రేమతో కూడిన మొండితనానికి మందు నా దగ్గర లేదు. నా క్లయింటు తండ్రి. కూతుర్ని రక్షించమన్నాడు. రక్షించాలంటే ఆయన్నే కూల్చాలి. ఇలాంటి పనికి ఒప్పుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటూ హాల్లోకొచ్చాను.

*

"టైమైంది మేడమ్," ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకున్నాడు. పెద్దాయన పొద్దుటి ఫిల్ము నుంచి కాగితం మీద ఫొటో వెయ్యడానికి, పడకగది తలుపు బార్లా తీసుకుని వెనక బాత్రూములోకి వెళ్ళాడట. చేతికి ఏదో పని లేకపోతే ఆయన నిలవలేడు.

"ఆమె హత్య జరిగినప్పుడు ఈ ఇంట్లోనే ఉంది. నా దగ్గర రుజువుంది," అన్నాను.

"ఏదీ?"

"ఇప్పుడు చూపించలేను."

"ఎప్పుడు చూపిస్తారు? శిక్ష పడ్డాకా?"

"రేపటిదాకా ఆగండి."

"ఎందుకాగాలి? కన్నతండ్రి ఇంట్లో లేదంటున్నాడు. ఆ పిల్ల తనే లేనంటోంది. మీరొక్కరు మాత్రం ఉందంటారు! నగల కేసులో పప్పులో కాలేశాను, ఒప్పుకుంటాను. ప్రతిసారీ వేస్తాననుకోకండి."

"నెగెటివ్ డబ్బాలు ఎందుకు బోర్లించిందో చెప్పండి. వాళ్ళ నాన్న నెగెటివ్‌లు అప్పటికే ఇంటికొచ్చేశాయి. ఆమెకి అక్కడేం పని?"

ఆయన టోపీ మళ్ళీ బల్లమీద పెట్టాడు. ఆ ప్రశ్న ఆయన్ని కూడా గుచ్చుతోందని కనిపెట్టాను. "చంపినవాడికి కావలసిన నెగెటివ్ అక్కడ దొరకలేదనుకోండి," అన్నాను. "ప్రెసిడెంటు తిరిగిచ్చిన నెగెటివ్‌లలో అది కలిసిపోయి ఉంటే, వెళ్ళే చోట్లు నాలుగే. మిగతా క్లబ్బు సభ్యుల ఇళ్ళు."

"ఊహలు కోర్టులో చెల్లవు మేడమ్. పదమ్మా," అని కూతురివైపు తిరిగాడు.

అప్పుడే వెనకనుంచి పెద్దాయన దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో తడి ఫొటో, మోచేతుల దాకా నీళ్ళు, మొహం వెలిగిపోతోంది.

"చూడమ్మడూ! చూడు! ఇవాళ ఎంత దగ్గరికొచ్చిందో!"

నలుగురం ఫొటోమీదికి వంగాం. ఇవాళ్టి తేదీ పలక, కుర్చీ చేతిమీద సగానికి ఎండ. అల్మరా ఒక తలుపు తెరిచి ఉంది. దాని ముందు, కుర్చీకీ కెమెరాకీ మధ్య, పొగలా ఒక నిలువెత్తు మనిషి. ఒక చెయ్యి ముందుకి చాచి ఉంది, సరిగ్గా కెమెరా వైపు.

"నాకోసం చెయ్యి చాచింది," అన్నాడు పెద్దాయన. "ఇన్నాళ్ళకి నావైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు నవ్వారే, ఇప్పుడేమంటారు?"

"అమ్మా..." అంది కూతురు, ఊపిరి తీసుకున్నంత మెల్లగా. ఒక్క క్షణం ఆమె కూడా నమ్మింది. నేను చూశాను. తర్వాత ఆమె మొహం పాలిపోయింది. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఆమె స్టేషన్లో ఉంది. ప్రశ్నలడుగుతూ ఎదురుగా కూర్చున్నది ఇన్‌స్పెక్టరే.

"రేపు కెమెరా ఇంకా ముందుకి జరుపుతాను," పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు. "వెనక తలుపు కూడా తీసే ఉంచుతాను. ఆవిడకి సులువుగా ఉంటుంది. ఏమంటావు?"

కూతురు నావైపు చూసింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

"నాన్నా," అంది. "అది అమ్మ కాదు."

"ఎందుకు కాదు?"

"ఎప్పుడూ అమ్మ కాదు. నేనే. శాలువా కప్పుకుని వెనక మెట్లెక్కి వచ్చేదాన్ని. మొన్న పదిన్నరకి కూడా నేనే. ఇదిగో వేలు." కట్టున్న వేలు ఆయన ముందు పెట్టింది. "ఇవాళ మాత్రం నేను లేను. ఇవాళ ఎవరో వచ్చారు నాన్నా. తలుపు తీసి ఉంచొద్దు."

నేను మొన్నటి ఫొటో సంచిలోంచి తీసి పట్టుకుంటే పెద్దాయన దానివైపు చూశాడు, కూతురి వేలివైపు చూశాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆయన తిడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను.

"అన్నీనా?" అన్నాడు చివరికి.

"అన్నీ."

"ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టేదానివా?"

"బిగపట్టేదాన్ని నాన్నా."

ఆయన చెయ్యెత్తి కూతురి తలమీద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ తడి ఫొటోని కిటికీ వెలుతురులోకి పట్టుకుని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరెవరి ఎముకలో చూసినట్టే చూశాడు.

"మగాడు," అన్నాడు. గొంతులో తడి లేదు. "భుజం అల్మరా పైనుంచి రెండో అర దాకా వచ్చింది. మా ఆవిడ ఎత్తు నాకు తెలీదా? చూసి కూడా చూడలేదు, అంతే. అల్మరాలో నా పాత నెగెటివ్‌లున్నాయి, వాటికోసం వచ్చాడు. కెమెరా కన్ను తెరిచుందని ఆలస్యంగా కనిపెట్టాడు. చెయ్యి చాచింది కెమెరా లాక్కోవడానికి. అప్పుడే నేను ఇక వదులు అని ఉంటాను. నేను లోపలికొస్తానని పారిపోయాడు."

"మొహం తెలుస్తుందా?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది.

"నెగెటివ్ పెట్టి పెద్దది చేస్తే తెలుస్తుంది. బాత్రూములో క్లిప్పుకి తగిలించే వచ్చాను."

వంటింట్లోంచి వెనక వరండాలోకి నలుగురం ఒకేసారి నడిచాం. బాత్రూము తలుపు బార్లా తెరిచి ఉంది. ఎర్ర బల్బు వెలుగుతోంది. దండెం మీద క్లిప్పు ఊగుతోంది, దానికి ఏమీ లేదు. ఫొటోలు కడిగే హైపో మందు ట్రే నేలమీద తలకిందులుగా పడి ఉంది. ఆ ఘాటైన నీళ్ళని తొక్కుకుంటూ వెళ్ళిన బూట్ల అచ్చులు వరండాలో తడితడిగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఇనుప మెట్ల వైపు ఉరికి, ఆగిపోయాడు. మెట్లు పొడిగా ఉన్నాయి. అచ్చులు కిందికి వెళ్ళలేదు. పడకగది వెనక తలుపులోకి వెళ్ళాయి. తిరిగి రాలేదు.

తలుపు తోశాడు. లోపల గడియ వేసి ఉంది. నేను హాల్లోకి పరిగెత్తాను. పెద్దాయన ఫొటో చూపించేదాకా బార్లా ఉన్న పడకగది హాలు వైపు తలుపు ఇప్పుడు మూసుకుని ఉంది. మేమంతా ఒక ఫొటోమీదికి వంగి నిలబడినప్పుడు, మా వెనకే, పది అడుగుల దూరంలో ఎవరో దాన్ని మెల్లగా మూశారు.

ఇన్‌స్పెక్టర్ వరండాలోంచి కింద ఉన్న కానిస్టేబుల్ని కేకేస్తున్నాడు. తుపాకి బయటికి తీసిన చప్పుడు వినిపించింది. పెద్దాయన నన్ను పక్కకి నెట్టి తలుపు ముందుకొచ్చాడు. కూతురు చెయ్యి పట్టుకుని లాగింది, ఆయన కదల్లేదు. ఏడాదిన్నరగా రోజూ ఆ తలుపుకి వీపు పెట్టి నిలబడి భార్యతో మాట్లాడిన మనిషి, ఇప్పుడు దానివైపు తిరిగి, అరచేత్తో గట్టిగా కొట్టాడు.

"ఎవరది?" అన్నాడు.